నాగజెముడు పుట్టిల్లు చూసొద్దాం రండి

అమెరికాలో ఏ తెలుగువారి ఇంటికి వెళ్ళినా కిటికీ పక్కన ఒక కరివేపాకు మొక్క, దాని పక్కన తులసి, ఓపిక ఉన్నవాళ్ళయితే ఒక మల్లె కుండీ కనిపించడం ఖాయం. చలికాలం రాగానే వాటిని లోపలికి మోయడం, వేసవి రాగానే బయటికి మోయడం, డిసెంబరులో నాలుగు వారాలు ఇండియా వెళ్ళాలంటే వాటిని ఎవరింట్లో దిగబెట్టాలా అని పదిమందికి ఫోన్లు చెయ్యడం మనందరికీ అలవాటే. ఈ బాధలేవీ లేని మొక్కలు కూడా ఉన్నాయి. మీరు నాలుగు వారాలు ఊళ్ళో లేకపోతే, అందులోనూ చలికాలంలో, అవి అసలు గమనించనే గమనించవు! అవే కాక్టస్‌లు, వాటి చుట్టాలైన సక్యులెంట్లు. అంటే ఆకుల్లోనో కాండంలోనో నీళ్ళు దాచుకుని బతికే మొక్కలన్నమాట.

అయితే వీటిని పెంచడానికి కొంచెం చదువుకోవాలి, వీలైతే కొంచెం తిరగాలి. స్ప్రింగ్ బ్రేక్‌లో పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్ళాలా అని ఆలోచిస్తున్నవాళ్ళకి రెండూ కలిసొచ్చే ప్రయాణం ఒకటి చెప్తాను. ఏ చోట చూసిన మొక్క గురించి ఏ పుస్తకం చదవాలో కూడా పనిలో పనిగా చెప్పేస్తాను.

ముళ్ళ మొక్క ఇంట్లోనా?

మేముండేది దక్షిణ కాలిఫోర్నియాలో. మా అమ్మ ఆరు నెలలు ఉండడానికి గుంటూరు జిల్లా నుంచి వచ్చింది. కిటికీలో వరుసగా ఉన్న బుల్లి కాక్టస్‌లను చూసి, "ముళ్ళ మొక్కలు ఇంట్లో ఉండకూడదు నాన్నా, కలహాలొస్తాయి" అంది. మా తొమ్మిదేళ్ళ అమ్మాయి వెంటనే, "నానమ్మా, ఇవి అమెరికన్ మొక్కలు, వీటికి మన రూల్సు తెలీవు" అంది. "అమెరికావేంటే! మా ఊళ్ళో పొలాల కంచెల నిండా నాగజెముడే. మీ తాతయ్య పుట్టకముందు నుంచీ ఉంది" అని అమ్మ జవాబు.

ఇద్దరి మాటల్లోనూ నిజముంది. ఆ రాత్రి లైబ్రరీ నుంచి తెచ్చిన లావుపాటి పుస్తకం ఒకటి తీశాం. ఎడ్వర్డ్ ఎఫ్. ఆండర్సన్ రాసిన ‘ది కాక్టస్ ఫ్యామిలీ’ (టింబర్ ప్రెస్, 2001). ఎనిమిది వందలకు దగ్గర పేజీలు, వెయ్యికి పైగా రంగుల ఫోటోలు. ఆండర్సన్ గారు ఫీనిక్స్‌లోని డెజర్ట్ బొటానికల్ గార్డెన్‌లో పరిశోధకుడిగా పనిచేసిన మనిషి. కొనాలంటే ఖరీదెక్కువే కానీ, ఇంటర్‌లైబ్రరీ లోన్‌లో ఉచితంగా తెప్పించుకోవచ్చు. మా భాషలో చెప్పాలంటే ఇది యూజర్ గైడ్ కాదు, రిఫరెన్స్ మాన్యువల్. మొదటి పేజీ నుంచి చివరిదాకా ఎవరూ చదవరు. అనుమానం వచ్చినప్పుడల్లా తీసి చూస్తారు.

తేలిందేమిటంటే, కాక్టస్ కుటుంబం మొత్తం అమెరికా ఖండాలదే. రిప్సాలిస్ అనే ఒకే ఒక్క జాతి మాత్రం ఆఫ్రికాలోనూ శ్రీలంకలోనూ కూడా తనంతట తాను పెరుగుతుంది. మన నాగజెముడు ఓపన్షియా జాతి మొక్క. మెక్సికో, కరీబియన్ తీరాల నుంచి యూరోపియన్ల ఓడలెక్కి మన దేశానికొచ్చింది. అంటే మనం ఇటు రావడానికి ఎంతో ముందే అది అటు వెళ్ళి, ఊరి కంచె మీద స్థిరపడి, తెలుగు పేరు కూడా పెట్టించుకుంది! దారాలు తీసే కిత్తనార కూడా అంతే. అగేవ్ అనే ఆ మొక్క పుట్టిల్లు మెక్సికో వైపే.

"అయితే నాగజెముడు పుట్టిల్లు ఇక్కడేనా! పోయి చూద్దాం పదండి" అంది అమ్మ. అలా మొదలైంది ప్రయాణం.

మొదటి మజిలీ: హంటింగ్టన్

లాస్ ఏంజెలెస్ పక్కన శాన్ మరీనోలో హంటింగ్టన్ లైబ్రరీ, దాని తోటలు ఉన్నాయి. మంగళవారాలు సెలవు, గుర్తుంచుకోండి. అక్కడి డెజర్ట్ గార్డెన్ పదెకరాల దాకా ఉంటుంది, రెండువేల పైచిలుకు జాతులున్నాయి. దీని వెనక కథ సరదాగా ఉంటుంది. రైలు మార్గాల వ్యాపారి హెన్రీ హంటింగ్టన్ దగ్గర విలియం హెర్ట్రిచ్ అనే తోటమాలి ఉండేవాడు. ఏ మొక్కా సరిగ్గా పెరగని ఒక వాలు స్థలంలో కాక్టస్‌లు వేద్దామని 1907లో ఆయన అడిగితే, హంటింగ్టన్ మొదట ఒప్పుకోలేదట. రైలు పట్టాలు వేయించే రోజుల్లో ఆయనకి ముళ్ళతో అనుభవం ఉంది మరి. చివరికి ఎలాగో ఒప్పించాడు. ఆ పనికిరాని స్థలమే ఇప్పుడు ప్రపంచంలోని పేరున్న ఎడారి తోటల్లో ఒకటి.

ఇక్కడికి వెళ్ళేముందు చదవాల్సిన పుస్తకం గ్యారీ లియాన్స్ రాసిన ‘డెజర్ట్ ప్లాంట్స్’ (2007). ఆయన ఈ తోటకి క్యూరేటర్‌గా చేసినవాడు.

పిల్లలు ఇక్కడ నేర్చుకోవాల్సిన పాఠం ఒకటుంది. ముళ్ళున్న ప్రతి మొక్కా కాక్టస్ కాదు. కాక్టస్ ముళ్ళు ఒక చిన్న దూదిబొట్టులాంటి చోటు నుంచి గుత్తిగా వస్తాయి. దాన్ని ఏరియోల్ అంటారు. అది లేకపోతే కాక్టస్ కాదు. చూడ్డానికి అచ్చం కాక్టస్‌లా ఉండే యుఫోర్బియాలు వేరే కుటుంబం. వాటిని గిల్లితే తెల్లటి పాలు కారతాయి. అమ్మకిది పుస్తకం లేకుండానే తెలుసు. "బొంతజెముడు, ఆకుజెముడు, కాడజెముడు, వీటికి పాలుంటాయి. కంట్లో పడితే అంతే సంగతులు. నాగజెముడుకి పాలుండవు" అని ఒక్క ముక్కలో తేల్చేసింది. ఇక్కడి నర్సరీల్లో ఎర్రటి కొసలతో ‘ఫైర్‌స్టిక్’ అని అమ్మే మొక్క మన కాడజెముడు రకమే. ఇంట్లో చిన్నపిల్లలుంటే దాన్ని అందనంత ఎత్తులో పెట్టండి.

సక్యులెంట్ల విషయంలో మనం కొత్తవాళ్ళమేమీ కాదు. గుమ్మానికి దిష్టి కోసం తలకిందులుగా వేలాడదీసే కలబంద, పచ్చడి చేసుకునే నల్లేరు, ఆకు పడినచోటల్లా పిలకలేసే రణపాల, పప్పులో వేసే గంగవాయిలి కూర, ఇవన్నీ సక్యులెంట్లే. గంగవాయిలిని మెక్సికన్ కొట్లలో ‘వెర్డొలాగాస్’ అని కట్టలుగా అమ్ముతారు. పప్పు చేసుకుని చూడండి, ఊళ్ళో ఉన్నట్టే ఉంటుంది.

చోయా తోట, జేబులో దువ్వెన

ఐ-10 మీద తూర్పుగా వెళ్తే జాషువా ట్రీ నేషనల్ పార్కు వస్తుంది. జాషువా చెట్టు కాక్టస్ కాదు, యుక్కా జాతి. పార్కు దక్షిణ భాగంలో పింటో బేసిన్ దగ్గర చోయా కాక్టస్ గార్డెన్ ఉంది. సాయంత్రం ఎండలో ఆ మొక్కలన్నీ బంగారు బొచ్చు కప్పుకున్న ఎలుగుబంటి పిల్లల్లా మెరుస్తుంటాయి. ముద్దొచ్చి ముట్టుకున్నారో, అయిపోయారన్నమాటే! ముక్క ఊడొచ్చి చేతికి అంటుకుంటుంది. ‘జంపింగ్ చోయా’ అని పేరు రావడానికి కారణం అదే. నిజానికి అది ఎగరదు. ముళ్ళ కొసల్లో వెనక్కి తిరిగిన సన్నటి కొక్కాలుంటాయి, తాకితే చాలు పట్టుకుంటాయి. అలా జంతువుల ఒంటిని పట్టుకుని వెళ్ళి, పడినచోట వేళ్ళు వేసుకుంటుంది. జేబులో ఒక దువ్వెన ఉంచుకోండి. చేత్తో పీకకుండా దువ్వెన పళ్ళ మధ్య ఇరికించి విసిరెయ్యాలి. తర్వాత ట్వీజర్‌తో మిగిలిన ముళ్ళు తీసుకోవచ్చు.

ఇక్కడ ఐస్ బాక్సులోని పులిహోర, పెరుగన్నం తిని ఫీనిక్స్ దారి పట్టాం.

ఫీనిక్స్: రాత్రి షిఫ్టు మొక్కలు

ఫీనిక్స్ పపాగో పార్కులో ఉన్న డెజర్ట్ బొటానికల్ గార్డెన్ 1939లో మొదలైంది. విస్తీర్ణం 140 ఎకరాలు. బాటలు చదునుగా ఉంటాయి, మధ్యమధ్యలో బెంచీలున్నాయి, కాబట్టి పెద్దవాళ్ళని నిశ్చింతగా తీసుకెళ్ళొచ్చు. మార్చి, ఏప్రిల్ నెలలు మంచివి. జులైలో మాత్రం వద్దు.

మా పదమూడేళ్ళ అబ్బాయికి ఇక్కడ నచ్చిన సంగతి ఒకటుంది. మామూలు మొక్కలు పగలు ఆకుల్లోని రంధ్రాలు తెరిచి కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుంటాయి. ఎడారిలో పగలు తెరిస్తే నీళ్ళన్నీ ఆవిరైపోతాయి. అందుకని కాక్టస్ రాత్రిపూట తెరిచి, పీల్చుకున్నదాన్ని ఆమ్లం రూపంలో దాచుకుని, పగలు తలుపులు మూసేసి ఎండతో వంట చేసుకుంటుంది. "డాడీ, నువ్వు రాత్రి పదింటికి హైదరాబాదు టీముతో కాల్ మాట్లాడి, పొద్దున్న కోడ్ రాస్తావే, అలాగా?" అన్నాడు. అచ్చం అలాగే!

ఈ పద్ధతికి ఒక బలహీనత ఉంది. రాత్రి చల్లబడాలి. 2023 వేసవిలో ఫీనిక్స్‌లో వరసగా 31 రోజులు 110 డిగ్రీలు, అంతకన్నా ఎక్కువ ఎండ కాసింది. రాత్రిళ్ళు కూడా చల్లబడలేదు. ఆ వేసవిలో నిలువెత్తు సువారోల కొమ్మలు విరిగి రాలాయి, కొన్ని లోపల కుళ్ళి కూలిపోయాయి. ఎడారి మొక్క ఎంత ఎండనైనా తట్టుకుంటుందని అనుకుంటాం. దానికీ ఒక హద్దుంది. అంత వయసున్న చెట్టు ఒకటి పడిపోతే, దాని చోటు నిండడానికి మన మనవల కాలం పడుతుంది.

ఫీనిక్స్ నుంచి టూసాన్ వెళ్ళే దారిలో కొంచెం పక్కకి తిరిగితే మారికోపాలో మహాగణపతి దేవాలయం ఉంది. ఎడారి గాలిలో గుడి గంట వినడం ఒక అనుభవం. అమ్మ దర్శనం చేసుకుని, ప్రసాదం తిని, కారెక్కి హాయిగా నిద్రపోయింది.

టూసాన్: సువారోల రాజ్యం

స్పెల్లింగు చూసి ‘సాగ్వారో’ అంటే పిల్లలు నవ్వుతారు, ‘సువారో’ అనాలి. సినిమాల్లో రెండు చేతులు పైకెత్తి నిలబడే కాక్టస్ ఇదే. అమెరికాలో ఇది సహజంగా పెరిగేది దాదాపుగా అరిజోనాలోనే. దీని పువ్వే అరిజోనా రాష్ట్ర పుష్పం. సువారో నేషనల్ పార్కు 1933లో నేషనల్ మాన్యుమెంటుగా మొదలై 1994లో పార్కు అయింది. టూసాన్ నగరానికి తూర్పున ఒక సగం, పడమర ఒక సగం ఉన్నాయి. సమయం తక్కువైతే పడమర వైపు వెళ్ళండి. వ్యాలీ వ్యూ అనే చిన్న కాలిబాట చివర నిలబడితే కనుచూపు మేర సువారోలే. సిగ్నల్ హిల్ దగ్గర రాళ్ళమీద పూర్వీకులు చెక్కిన బొమ్మలున్నాయి.

సువారో ఎదుగుదల వింటే ఓపిక అంటే ఏమిటో తెలుస్తుంది. మొదటి ఎనిమిదేళ్ళలో పెరిగేది అంగుళమో, అంగుళంన్నరో. పువ్వు పుయ్యడానికి సుమారు 35 ఏళ్ళు. మొదటి కొమ్మ రావడానికి 50 నుంచి 75 ఏళ్ళు, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ. ఆయుష్షు 150 నుంచి 200 ఏళ్ళు. వాన పడితే దాని మడతలు అకార్డియన్ పెట్టెలా విచ్చుకుంటాయి. కడుపునిండా నీళ్ళు తాగిన పెద్ద సువారో ఒక క్యామ్రీ కారంత బరువుంటుంది, కొన్ని అంతకన్నా ఎక్కువే. పువ్వు రాత్రి విచ్చుకుని మర్నాడు మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది. ఆ కాసేపట్లోనే గబ్బిలాలు, తేనెటీగలు, పావురాలు పని ముగించుకోవాలి. గీలా వడ్రంగిపిట్ట కాండానికి తొర్ర చేసుకుని కాపురముంటే, అది ఖాళీ చేశాక అరచేతిలో పట్టేంత ఎల్ఫ్ గుడ్లగూబ వచ్చి అద్దెకుంటుంది.

చిన్న సువారో ఒంటరిగా బతకలేదు. పాలోవెర్డే లాంటి పెద్ద చెట్టు నీడలో ఎండనీ చలినీ తప్పించుకుని పెరుగుతుంది. ఆ చెట్టుని శాస్త్రజ్ఞులు ‘నర్స్ ప్లాంట్’ అంటారు. రేంజర్ ఇంకో విషయం చెప్పాడు. కాక్టస్‌ని తవ్వి వేరేచోట నాటాలంటే ముందు దాని దక్షిణం వైపు ఒక గుర్తు పెడతారు. మళ్ళీ అదే వైపు దక్షిణానికి వచ్చేలా నాటతారు. లేకపోతే ఇన్నాళ్ళూ నీడలో ఉన్న పక్కకి ఎండ తగిలి మాడిపోతుంది. పెద్ద సువారోలైతే, నాటాక పచ్చగానే కనిపిస్తూ కొన్నేళ్ళకి గానీ బతికిందో లేదో తెలియనివ్వవు. నేను తెలుగులో చెప్తే అమ్మ విని, "అంటే మొక్కక్కూడా దిక్కు గుర్తుంటుందన్నమాట" అంది. ఆ తర్వాత చాలాసేపు ఎవరం ఏమీ మాట్లాడలేదు.

కాలిబాట మలుపులో నాగజెముడు పొద ఒకటి పసుపుపచ్చ పూలతో నిండుగా ఉంది. మా ఊరి జాతి కాదు, దాని దాయాది. అమ్మ ఆగిపోయింది. పండు పండితే ఎలా కొయ్యాలో, పైనున్న నూగుముళ్ళు పోవడానికి ఇసకలో ఎలా పొర్లించాలో, తిన్నాక నోరంతా ఎర్రగా అయితే ఇంట్లో ఎలా దొరికిపోయేవాళ్ళో పిల్లలకి చెప్పడం మొదలెట్టింది. ఇక్కడ ఇంట్లో టీవీ రిమోటు దగ్గర్నుంచీ అన్నీ పిల్లల్ని అడిగి తెలుసుకోవాల్సి వచ్చిన మనిషి, ఆ పది నిమిషాలు వాళ్ళకి టీచరైపోయింది. పక్కన నడుస్తున్న ఒక అమెరికన్ జంట కూడా ఆగి, ఏం చెప్తోందో అడిగి తెలుసుకున్నారు. (పార్కులో మాత్రం మొక్కలు కొయ్యడం నేరం, కథలు చెప్పుకోవడం వరకే!)

టూసాన్‌లో తప్పకుండా చూడాల్సిన ఇంకో చోటు 1952లో తెరిచిన అరిజోనా-సొనోరా డెజర్ట్ మ్యూజియం. పేరు మ్యూజియమే అయినా సగం జూ, సగం తోట. ఓపికున్నవాళ్ళు టుమామోక్ కొండ కూడా ఎక్కండి. కార్నెగీ సంస్థ 1903లో అక్కడ ఎడారి ప్రయోగశాల పెట్టింది. వందేళ్ళకు పైగా అక్కడి సువారోల లెక్క రాస్తూనే ఉన్నారు. సువారోకి 1908లో బ్రిటన్, రోజ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పెట్టిన శాస్త్రీయనామం ‘కార్నీజియా జైగాంటియా’లో ఉన్నది ఆ కార్నెగీ గారే.

ఆ ఇద్దరూ కలిసి 1919 నుంచి 1923 దాకా నాలుగు సంపుటాలుగా తెచ్చిన ‘ది కాక్టేసీ’ ఈ శాస్త్రానికి పునాది. అందులో మేరీ ఎమిలీ ఈటన్ వేసిన రంగుల బొమ్మలు చూస్తే ఫోటోలు దిగదుడుపే. 1963లో డోవర్ ప్రెస్ వాళ్ళు మళ్ళీ అచ్చు వేశారు. పాత పుస్తకాల కొట్లో కనిపిస్తే వదలకండి.

ఎర్ర పురుగు కథ

నాగజెముడు రెక్కల మీద తెల్లటి దూదిలాంటివి కనిపిస్తే కాగితంతో నలిపి చూడండి, ముదురెరుపు రంగు వస్తుంది. అది కోచినీల్ అనే పురుగు. మెక్సికోలో వందల ఏళ్ళుగా దీంతో బట్టలకి రంగు వేసేవారు. స్పెయిన్ దీన్ని వెండితో సమానంగా చూసుకునేది. ఈ వ్యాపారం మీద ఆశతో ఈస్టిండియా కంపెనీ మద్రాసులో 18వ శతాబ్దం చివర్లో డాక్టర్ జేమ్స్ ఆండర్సన్ చేత నాగజెముడు తోటలు వేయించింది. 1795లో బ్రెజిల్ నుంచి పురుగులు కూడా వచ్చాయి. తీరా చూస్తే అది నాసిరకం పురుగు, రంగు బాగా రాలేదు! వ్యాపారం పోయింది, నాగజెముడు మాత్రం ఉండిపోయింది.

పొలాల మీద పడి అది ఎంత పెరిగిందంటే, 1926లో మరో రకం కోచినీల్‌ని శ్రీలంక నుంచి తెచ్చి దక్షిణ భారతదేశంలో వదలాల్సి వచ్చింది. కొన్నేళ్ళలోనే వేల ఎకరాల నాగజెముడు ఎండిపోయింది. మన తాతల కాలంలో కనిపించినంత నాగజెముడు ఇప్పుడు మన ఊళ్ళలో కనిపించకపోవడానికి ఇదొక కారణం.

శాకాహారులకి ఒక మాట. ఆ ఎర్రరంగు ఇప్పటికీ కొన్ని పెరుగులు, క్యాండీలు, జ్యూసుల్లో వాడతారు. 2011 నుంచి డబ్బా మీద ‘కార్మైన్’ అనో ‘కోచినీల్ ఎక్స్‌ట్రాక్ట్’ అనో రాయడం తప్పనిసరి. కొనేముందు ఒకసారి చూసుకోండి.

పెంచడానికి ఏ పుస్తకం?

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి డెబ్రా లీ బాల్డ్విన్ పుస్తకాలు నల్లేరు మీద బండి నడకలా ఉంటాయి. కుండీల్లో పెంచేవాళ్ళకి ‘సక్యులెంట్ కంటైనర్ గార్డెన్స్’ (2010), అసలేమీ తెలియనివాళ్ళకి ‘సక్యులెంట్స్ సింప్లిఫైడ్’ (2013), సొంత పెరడున్నవాళ్ళకి ‘డిజైనింగ్ విత్ సక్యులెంట్స్’ (2007, పెంచి రాసిన రెండో కూర్పు 2017). కాక్టస్ కాని సక్యులెంట్ల గురించి లోతుగా కావాలంటే ఫ్రెడ్ డార్టార్ట్ రాసిన టింబర్ ప్రెస్ గైడ్ (2011) ఉంది.

బే ఏరియావాళ్ళు ‘ది బోల్డ్ డ్రై గార్డెన్’ (2016) చదివి వాల్నట్ క్రీక్ వెళ్ళిరండి. రూత్ బాన్‌క్రాఫ్ట్ అనే ఆవిడ 1972లో, అరవై దాటాక, అక్కడ తోట మొదలుపెట్టింది. 2017లో పోయేనాటికి ఆవిడ వయసు 109. రిటైరయ్యాక ఏం చెయ్యాలని దిగులుపడే తల్లిదండ్రులుంటే ఈ కథ చెప్పండి.

రాళ్ళలా కనిపించే లిథాప్స్ మీద డెస్మండ్ కోల్ రాసిన ‘లిథాప్స్: ఫ్లవరింగ్ స్టోన్స్’ ప్రామాణిక గ్రంథం. ఆయన వృత్తిరీత్యా భాషాశాస్త్రవేత్త. ఆఫ్రికాలోని త్స్వానా భాషకి వ్యాకరణం రాసినవాడు! ఉద్యోగం ఒకటి, ప్రాణం ఇంకొకచోట ఉన్న మనలాంటివాళ్ళకి ఆయన ఆదర్శం.

ఈ పుస్తకాలన్నీ కలిసి చెప్పే సూత్రాలు నాలుగే. అడుగున చిల్లున్న కుండీ. పెర్లైట్ గానీ ప్యూమిస్ గానీ బాగా కలిపి నీళ్ళు ఇట్టే దిగిపోయేలా చేసిన మట్టి. పూర్తిగా ఎండాకే మళ్ళీ నీళ్ళు, అదీ పెరిగే కాలంలోనే. చలికాలంలో దాదాపు బంద్. ముక్క కోసి నాటితే, కోసినచోట కొన్ని రోజులు ఆరనిచ్చాకే మట్టిలో పెట్టడం. క్రిస్మస్ కాక్టస్ మాత్రం బ్రెజిల్ అడవుల్లో చెట్ల మీద పెరిగేది, దానికి నీళ్ళు ఇంకొంచెం ఎక్కువ కావాలి.

న్యూజెర్సీలో, మిషిగన్‌లో మంచు పడుతుంది కదా అంటారా? తూర్పు రాష్ట్రాల్లో సహజంగా పెరిగే ఓపన్షియా హ్యూమిఫ్యూసా మంచులో ముడతలుపడి నేలకి ఒరిగి, వసంతంలో లేచి పసుపు పూలు పూస్తుంది. న్యూజెర్సీ సాండీ హుక్ తీరంలో ఇసకలో దాన్ని చూడొచ్చు.

పిల్లలకి, పెద్దలకి

చిన్నపిల్లలకి బ్రెండా గైబర్సన్ రాయగా మేగన్ లాయిడ్ బొమ్మలేసిన ‘కాక్టస్ హోటల్’ (1991) కొనిపెట్టండి. ఒక సువారో జీవితమంతా అందులో ఉంది. హైస్కూలు పిల్లలకి డెజర్ట్ మ్యూజియం వాళ్ళ ‘ఎ నేచురల్ హిస్టరీ ఆఫ్ ది సొనోరన్ డెజర్ట్’ (రెండో కూర్పు 2015), పెద్దలకి ‘ది సువారో కాక్టస్: ఎ నేచురల్ హిస్టరీ’ (2020). వీటన్నిటికన్నా నాకు దగ్గరైనది గ్యారీ పాల్ నాభాన్ రాసిన ‘ది డెజర్ట్ స్మెల్స్ లైక్ రెయిన్’ (1982). టొహోనో ఓధమ్ జాతివాళ్ళు జూన్ ఎండల్లో పొడుగాటి కర్రలతో సువారో పళ్ళు కోసి, వానని పిలిచి, కొత్త సంవత్సరం మొదలుపెట్టడం గురించి అందులో ఉంది. తొలకరి కోసం ఎదురుచూసిన ఊళ్ళనుంచి వచ్చినవాళ్ళకి అది పరాయి పుస్తకం అనిపించదు.

ఒక హెచ్చరిక. 2015లో వచ్చిన అంతర్జాతీయ అధ్యయనం ప్రకారం కాక్టస్ జాతుల్లో 31 శాతానికి అంతరించే ప్రమాదముంది. పెద్ద కారణాల్లో ఒకటి దొంగతనం. కాలిఫోర్నియా సముద్రపు కొండల మీద డడ్లియా మొక్కల్ని పీకి విదేశాలకి అమ్ముతుంటే, 2021లో ప్రత్యేక చట్టమే చెయ్యాల్సొచ్చింది. జారెడ్ మార్గులీస్ ‘ది కాక్టస్ హంటర్స్’ (2023) ఈ చీకటి వ్యాపారం గురించే. అందుకని కుండీలో పెంచి అమ్మేవాళ్ళ దగ్గరే కొనండి. సూట్‌కేసులో వేసుకుని ఇండియాకి తీసుకెళ్ళకండి. కాక్టస్‌లకి అంతర్జాతీయ అనుమతులు కావాలి.

తిరిగొచ్చాక ఒక మెక్సికన్ కిరాణా కొట్లో ముళ్ళు తీసి ముక్కలు కోసిన నోపాలెస్, అంటే నాగజెముడు లేత రెక్కలు, కొన్నాం. బెండకాయలా జిగురు, కొంచెం పులుపు. అమ్మ బెల్లం వేసి పులుసు పెట్టింది. పిల్లలు మారు వడ్డించుకున్నారు. నోపాలెస్ గురించి వంట పుస్తకాలు బోలెడున్నాయి, ఈ పులుసు మాత్రం నాకు ఏ పుస్తకంలోనూ కనిపించలేదు.

అందుకే చివరగా ఒక చిన్న సలహా. మీ అమ్మగారో నాన్నగారో ఈసారి వచ్చినప్పుడు పిల్లల చేత ఒక నోట్‌బుక్ కొనిపించండి. కనిపించిన ప్రతి మొక్కకీ మన ఊరి పేరేమిటి, దాన్ని ఏం చేసేవారు, ఏది ముట్టుకోకూడదు, ఇవన్నీ పెద్దవాళ్ళు చెప్తుంటే పిల్లలు రాసుకోవాలి. తెలుగు రాకపోతే ఇంగ్లీషు అక్షరాల్లోనైనా ఫర్వాలేదు. మా అమ్మాయి పుస్తకంలో ఇప్పటికి ఇరవైమూడు పేర్లున్నాయి. కాక్టస్ పుస్తకాలు ఎప్పుడు కావాలన్నా లైబ్రరీలో దొరుకుతాయి. ఆ పేర్లు చెప్పేవాళ్ళు మన దగ్గరుండేది ఆరు నెలలే.